మూడోసారికి ముందు

పోటు ఎక్కేదాకా మొగ దగ్గర ఆగిన బోట్లు
మూడున్నరకి ఒక్కొక్కటీ లోపలికి జారతాయి.
మేట వేసిన ఇసుకకి అడుగు రాసుకోకుండా
సరంగు నిలబడే నడుపుతాడు, ఊపిరి బిగబట్టి.
జెట్టీ మీద మేం అప్పటికే వచ్చేసి ఉంటాం,
బోర్లించిన తట్టల మీద కూచుని,
టీ గ్లాసులు చెంపలకి ఆనించుకుని.

పల్లిపాలెంలో ఇంకా తెల్లారదు గానీ
ఐసు మర దిమ్మెల్ని నమలడం మొదలెడుతుంది.
డీజిలు వాసన. గులివిందల ఎరుపు మీద ట్యూబులైటు.
కళాసీలు వలలో మిగిలిన పీతల్ని
కాలితో తోసి, తిట్టి, మళ్లీ వంగి ఏరుకుంటారు.

పాట పెట్టేది ఓలేటి ధనకాసులు.
పాటంటే రాగం లేదు, తాళం లేదు.
"ఎనిమిదొందలు... ఎనిమిదొందల యాభై...
చందువాలండోయ్, కన్ను చూడండి కన్ను,
నిన్నటివైతే నా చెవి కోసుకోండి!"
లారీల వాళ్లు, భీమవరం కంపెనీల వాళ్లు ముందు వరస.
చెప్పుల్లేకుండా మేం వెనక.
నా కొంగున పదకొండు వందలు,
అందులో మూడొందలు వారం వడ్డీవి.
నేను నోరెత్తి పాడిందాన్ని కాదు ఏనాడూ.
వేలు ఎత్తేదాన్ని.
అదీ సగమే.

ఒకటోసారి, అనేవాడు.
రెండోసారి, అనేవాడు.
తర్వాత తలగుడ్డ విప్పి మొహం తుడుచుకునేవాడు,
చుట్ట ఆరిందేమో చూసుకునేవాడు,
ఎవరో రాత్రికి రాత్రి కట్టేసినట్టు
దీపస్తంభం వైపు తిరిగి ఆశ్చర్యపోయేవాడు.
ఆ సందులో నా లెక్క నడిచేది:
ఆటోకి నలభై, ఐసుకి ఇరవై,
మలికిపురం ఎండకి మెత్తబడే రెండు చేపలు,
బేరమాడి బేరమాడి చివరికి కొనని డాబా ఇంటావిడ.
ఆ సందులోనే నా వేలు లేచేది.
మూడోసారి.
పన్నెండేళ్లు.
ఆయన నా పేరు ఒక్కసారీ అడగలేదు.

కిందటి వేట నిషేధం రోజుల్లో
కాకినాడ పెద్దాసుపత్రిలో గొంతుకి కోత పెట్టారు.
బోట్లు మళ్లీ నీళ్లలో దిగేసరికి
మనిషి వచ్చాడు, మాట రాలేదు.
మెడకి గుడ్డ చుట్టుకుని ఐసు పెట్టె మీద కూచుంటాడు,
పిల్లులు పాదాల దగ్గర చేరితే తోలడు.

ఇప్పుడు పాట మేనల్లుడిది, లోవరాజుది.
చేతిలో మైకు, నడుముకి స్పీకరు.
మంచి కుర్రాడే. తొందర.
ఒకటోసారిరెండోసారిమూడోసారి
మొత్తం ఒక్క గుక్కలో మింగేస్తాడు.
వేలు లేచేసరికి ట్రే లారీ ఎక్కేసుంటుంది.
వారం రోజులు నేనూ వరదమ్మా
ఎవరూ పాడని సావళ్లే ఎత్తుకెళ్లాం.
"నోరు తెరవ్వే" అంది వరదమ్మ.
తెరిచాను. గాలి వచ్చింది.

నిన్న తెల్లారగట్ట కానాగంతల కుప్ప.
పెద్దదేం కాదు, మా ఇద్దరికీ చెరో తట్ట.
ఆరొందల యాభై దగ్గర నిలిచింది.
ఒకటోసారి రెండోసా...
ఐసు పెట్టె మీంచి దగ్గు.
దగ్గు కూడా కాదు,
చిరిగిన తెరచాపలో గాలి కొట్టుకున్నట్టు ఏదో.
లోవరాజు ఆగాడు. "ఏంటి మావా, నీళ్లా?"
ధనకాసులు తల అడ్డంగా ఊపాడు.
మెడ గుడ్డ నెమ్మదిగా విప్పాడు,
దులిపాడు,
అంతకంటే నెమ్మదిగా కట్టుకుని
దీపస్తంభం వైపు తిరిగాడు.

ఏడొందలు.
అన్నది నేనేనని
వరదమ్మ గిల్లాక గానీ తెలియలేదు.
కంపెనీ గుమస్తా వెనక్కి చూశాడు,
ఎక్కడి పిట్ట కూసిందా అన్నట్టు.

మూడోసారి.

తట్ట నెత్తికెత్తుతుంటే ఐసునీళ్లు
చెవి పక్కనుంచి జాకెట్టులోకి కారాయి.
ఆటోవాడు హారన్ కొడుతున్నాడు.
ఏదైనా అనాలనే వెళ్లాను ఆయన దగ్గరికి.
మాటకి బదులు రెండు కానాగంతలు
పెట్టె మీద పెట్టాను.
ఒకటి తీసి తిరిగి నా తట్టలో వేశాడు.
రెండోదాన్ని చేతిలోకి తీసుకుని
దాని కన్ను చూశాడు, చాలాసేపు,
వెల చెప్పబోతున్నవాడిలా.