ఇరవై తొమ్మిది

రాత్రి పదకొండయినా లారీ రాలేదు.
గుంటూరు మిర్చి యార్డులో, షెడ్డు చివర
గోతం పరిచి ముక్కలు పంచాం.

"సైగలు చెయ్యకూడదు" అన్నాడు ఏసోబు.
ఇక్కడ దగ్గితే సైగ కాదు, ఘాటు.

ఎదురుగా మీరావలి, నా జోడీ.
పగలు బస్తాకి అటు కొస అతను, ఇటు కొస నేను;
"ఊఁ" అనకుండానే లేస్తుంది.

ఆఠీను జాకీ దించాడు.
నా దగ్గర అదే రంగులో తొమ్మిది, ఏడు.
తొమ్మిదిని దాచుకోవాలనే ఉంది:
జాకీ పోయాక పెద్ద ముక్క అదే,
సాయంత్రం నుంచీ నా పేర ఒక్క పట్టూ లేదు.
కానీ ఆఠీను మళ్ళీ తిరిగొచ్చేసరికి
ఎవడో ఒకడు తురుపు కొట్టకుండా ఉంటాడా?

వేసేశాను.
రెండు పాయింట్లు అతని మోకాలి కిందికి పోయాయి.
అతను నా వంక చూడనైనా లేదు.
మంటెక్కిన వేళ్ళని లుంగీకి తుడుచుకున్నాడు, అంతే.

పందొమ్మిదికి పాడాడు, పందొమ్మిదే వచ్చాయి.
"భలే ఆడావు మీరా" అన్నాడు ఏసోబు,
ఓడినవాడి గొంతుతో.

ఇంతలో హారను.
లేచి వంగాను.
మొదటి బస్తా వీపు మీదికి తేలిగ్గా ఎక్కింది.
ఎవరు ఎత్తారో
నేనూ తిరిగి చూడలేదు.