రుద్దుడు

కంటోన్మెంట్ దాటాక, రేకుల షెడ్డులో
స్పోర్ట్స్ కారు గుడ్డిదై నిలబడింది:
దీపాలు ఊడదీసి గోనెపట్టా మీద,
అద్దాలకి పాత పేపర్లు.

తవుడు మావ వాటర్ పేపర్ ముంచి
ఎరుపు రుద్దుతున్నాడు.
ఎరుపు కింద పసుపు,
పసుపు కింద ఎవరూ చెప్పని సొట్ట,
దాన్నిండా వేలెడు మందం పుట్టీ.
"ఏటి గుద్దీసినాడో, ఎవుల్ని గుద్దీసినాడో"
అని ఊరుకున్నాడు.

కళ్లు మూసుకుని అరచేత్తో తడుముతాడు.
"ఇదిగో, ఇక్కడ గుంట. సూడకు, ముట్టు."
నాకేమీ తగల్లేదు.
ఆయన వేలు ఆగినచోటే మళ్లీ రుద్దాను.

ముందు పుట్టినోళ్లు దక్కలేదని
చేటెడు తవుడుకి కొన్న బిడ్డట ఆయన.
సాయంత్రానికి కనుబొమల మీద
ఎర్రటి తవుడు.

రేపు ప్రైమర్.
రంగు కొట్టే గదిలోకి మమ్మల్ని రానివ్వరు,
దుమ్ము రాలుతుందని.