ముప్పావు లీటరు

పన్నెండువేల లీటర్ల లారీ తోలినవాడు మా ఆయన.
కీల్పాక్‌లో నింపుకొని
వ్యాసర్పాడి సందుల్లోకి వెనక్కి వెనక్కి దూర్చేవాడు.
మునిరత్నం హారను కొడితే
ప్లాస్టిక్ బిందెలు లేచి నిలబడేవి.

ఇప్పుడు పొద్దున్నే ఒక సీసా పెడతాను,
దారం కట్టి గీత చూపించి.
ముప్పావు లీటరు.
కాఫీ అందులోదే, మజ్జిగ అందులోదే,
మాత్ర మింగే గుక్కా అందులోదే.
రసం కూడా నీళ్ళ లెక్కేనంట.
ఆ డైటు పిల్ల కయల్విళి అరవంలో చెప్పింది,
నేను తెలుగులో ఏడ్చాను.

బంగాళదుంప చెక్కు తీసి, సన్నంగా తరిగి,
నీళ్ళలో నానేసి, పారబోసి,
మళ్ళీ పోసి, ఉడికించి, ఆ నీళ్ళూ వార్చి,
ఒక్క దుంపకి నాలుగు చెంబులు.
దుంప దాహం తీరుతుంది.
వార్చిన నీళ్ళు మిద్దె మీద కరివేపాకు కుండీకి.
ఈయనకు పనికిరాని సత్తువంతా తాగి
ఎట్ట బలిసిందో చూడండి, సిగ్గులేకుండా.

చూడను వచ్చేవాళ్ళు అరటిపండ్లు తెస్తారు, బత్తాయిలు,
ఎండకు చలవని రెండు ఎళనీరు బోండాలు.
ఎవరి ప్రేమలో ఎంత పొటాషియముందో
వాళ్ళకు ఎట్ట చెప్పేది?
సాగనంపి, వాచ్‌మన్ కోదండానికి ఇచ్చేస్తా.
ఎదురింటి శకుంతలక్క
సోడియం తక్కువ ఉప్పని డబ్బా కొనుక్కొచ్చింది, పాపం.
ఈ జబ్బుకి మామూలు ఉప్పు కంటే అదే విషమంట.
మూత తియ్యకుండా అటక మీద పెట్టాను.

మంగళ, గురు, శని.
మిషను ఎక్కే ముందు తూకం.
"మూణు కిలో, అణ్ణా" అంటాది సిస్టరు.
మూడు కిలోల నీళ్ళు!
నేను కొలిచింది ముప్పావే కదా.
ఆయన గోడకేసి చూస్తాడు.
పుక్కిలించిన నీళ్ళన్నీ
బయటికి రాలేదన్నమాట.

మొన్న రాత్రి రెండింటికి లారీ వచ్చింది, ఎవరో కొత్త డ్రైవరు.
నేను బిందెలు మోస్తా ఉంటే
మంచం మీదినుంచే చెవి రిక్కించి
"రివర్సు తెలీదు వీడికి" అన్నాడు.
పదకొండు బిందెలు. నడవడానికి చోటు లేదు ఇంట్లో.
ఒక ఐసు ముక్క బుగ్గన పెట్టుకొని
అది కరిగిందాకా ఇంకేం మాట్లాడలేదు.

నా సంగతీ చెప్పాలి.
వంటింటి తలుపు వెనక నిలబడి, గబగబా
ఆవకాయన్నం తింటాను నేను.
సోపుతో రెండుసార్లు చెయ్యి కడుక్కుంటాను.
నిన్న పక్కన కూర్చుంటే
నా వేళ్ళు పట్టుకొని వాసన చూశాడు.
"ఈ ఏటిదా, పోయినేటిదా?"

నోరు పెగల్లేదు నాకు.
"దొంగతిండి ఎందుకు చెంగమ్మా,
ఎదురుగా కూర్చొని తిను."

ఇవాళ కూర్చున్నాను.
ఆయన కంచంలో గుడ్డు తెల్లసొన, చప్పిడి సొరకాయ.
నా కంచం అంచున ఎర్రగా నూనె.
తినడం ఆపి చూస్తున్నాడు.
"ఎట్టుంది?"
"ఉప్పెక్కువైంది" అన్నాను,
ఇంకో ముద్ద కలుపుకుంటూ.