జల్లెడ దగ్గర

కల్గూర్లీలో నీళ్లు పుట్టవు.
ఐదువందల కిలోమీటర్ల అవతలి కొండల్లోంచి
గొట్టంలో నడిచొస్తాయి.
ఈ ఉద్యోగానికి వచ్చిన రోజు
ఎర్రమట్టి మీద పడుకున్న ఆ గొట్టం పక్కనే
పొద్దుగూకేదాకా కారు నడిపాను.
రెంటచింతల ఎండ తిని పెరిగినదాన్ని,
ఆ ఎండ నన్నేమీ అనలేదు.
గొట్టమే భయపెట్టింది, అంత పొడుగు దాహం.

అంత దూరం వచ్చిన నీళ్లని
ఊరు ఒక్కసారే వాడి వదిలేస్తే
నాకు మనసొప్పదు.
మనసుతో పనేముంది, జీతం ఇస్తున్నారు.

రాత్రి పది నుంచి ఆరు దాకా
ఊరి కడుపులోంచి జారిందంతా నా దగ్గరికే.
ముందు జల్లెడ.
వెట్ వైపులు, దూదిపుల్లలు,
మూడు కాళ్ల బొమ్మగుర్రం,
ఒకసారి ఎవరివో పైపళ్లు, నవ్వుతూ.

వాసన సంగతే అడుగుతారు అందరూ.
మొదటి వారం ముక్కు మూసుకున్నాను,
తర్వాత ముక్కే నాకు మీటరైంది.
తడిమన్ను వాసనొస్తే అంతా క్షేమం.
కుళ్లిన గుడ్డయితే ఎక్కడో గాలి అందట్లేదు.
డీజిలయితే, ఏ వర్క్‌షాపు వాడో
చీకట్లో ఒలకబోసి చేతులు దులుపుకున్నాడు.

గాలి బుడగల తొట్లలో నా మంద ఉంటుంది.
కంటికి ఆనదు, మేత తప్పితే చస్తుంది.
తెల్లారగట్ల ఒక చుక్క తీసి
మైక్రోస్కోపు కింద పెడతాను.
కాడలున్న చిన్న గంటలు
ముడుచుకుని విచ్చుకుంటుంటే
“పశువులు కులాసా” అని రాయబోయి
లాగ్‌బుక్కులో అంకెలు రాస్తాను.

మా నాయనమ్మ బియ్యం కడిగిన నీళ్లు పారబోసేది కాదు.
కుడితి తొట్టికి పోసేది,
గేదె తాగేది, మర్నాటికి పాలు.
ఎంగిలి కంచం మాత్రం ఆమడ దూరం.
ఒక ఊరి ఎంగిలంతా కడుగుతున్నానని తెలిస్తే
నన్ను తొట్టి దగ్గర నిలబెట్టేదో
కంచాల దగ్గరో.

పోయిన ఫిబ్రవరిలో, రాత్రి రెండున్నరకి ఫోను.
ఆడగొంతు. పేరు చెప్పలేదు.
కోపంలో పెళ్లుంగరం టాయిలెట్లో పడేసి
నీళ్లు వదిలిందట.
మా భాషలో దేనికైనా నీళ్లొదిలామంటే
ఇక దాని మీద ఆశ లేదని.
ఆమెకి మా భాష రాదు.
“మీ దగ్గరికి ఎన్నింటికి చేరుతుంది?” అంది,
రైలు టైము అడిగినట్టు.

బంగారం బరువు తల్లీ, తేలదు,
ఏ మలుపులోనో కూర్చుండిపోతుంది.
ఇది అనాల్సిన మాట.
“చూస్తాను” అన్నాను.

చూశాను. గ్లవుజులు మార్చి మార్చి
జల్లెడ చెత్త పిడికెడు పిడికెడు విదిలించి.
కెల్విన్ ట్రెగోనింగ్ టీ కలిపి తెచ్చి,
తాత గని కూలీ అతనికి,
“ఈ ఊళ్లో బంగారం కోసం
బురద కెలికినవాళ్లలో నువ్వే మొదటిదానివి కావు” అని
తనూ ఒక చేటెడు ముందుకి లాక్కున్నాడు.

మరో మూడుసార్లు చేసింది.
మూడోసారి ఊపిరి తప్ప ఏమీ వినబడలేదు.
ఏప్రిల్ నుంచి అదీ లేదు.
నా వేళ్లకి మాత్రం అలవాటు పోలేదు,
ప్రతి పిడికిలీ విప్పి చూస్తాయి.

చివరి తొట్టి దాటిన నీళ్లు
ఊదారంగు గొట్టంలో ఫుట్‌బాల్ మైదానానికి పోతాయి.
“తాగరాదు” అని బోర్డుంటుంది.
శనివారం షిఫ్టు దిగి
ఆ కంచె పక్కన కాసేపు నిలబడతాను.
పిల్లలు ఆ పచ్చిక మీద జారి పడి
మోకాళ్లు ఆకుపచ్చ చేసుకుంటారు.
వాళ్ల తల్లులు తీగ పట్టుకుని అరుస్తుంటారు.
నేను ఆట చూడను, వేళ్లు చూస్తాను.

నిన్న నా పక్కనున్నామెకి
ఎండ తగలని తెల్లటి చార, ఉంగరపు వేలికి.
ఇలాంటి చారలు ఊళ్లో ఎన్నుంటాయో.
“నువ్వేం చేస్తుంటావు?” అంది.
ఆ గొంతేనా, కాదా?
“నీళ్ల పని” అన్నాను.
కాసేపు మైదానంకేసి చూసి,
“ఈ ఏడు గడ్డి బాగుంది” అంది.