ఇరవై అడుగుల దూరం

చీమకుర్తి రాయి నల్లగా ఉంటుందంటారు.
పదకొండేళ్ళుగా దాన్ని తెరమీదే చూస్తున్నా,
నాకది నీలంగానే తెలుసు.

బ్లాకు నంబరు, పొడవు, వెడల్పు, మందం,
పగులుంటే ఒక గుర్తు, గీతుంటే ఒక గుర్తు,
ఓడ ఎక్కాల్సిన తేదీ.
ఒక్కో పలకకీ ఒక్కో ఫొటో,
ఒక్కో ఫొటోలో లెక్కలేనన్ని బంగారు చుక్కలు.

మొన్న ఒక పలకమీద చుక్కలు కదిలాయి.
మౌసు వదిలేసి గోడవైపు తిరిగితే
గోడమీదా కదిలాయి.

"కళ్ళు మండుతున్నాయి సార్" అన్నాను.
మేనేజరు తిరుపాలు గారు మంచాయనే.
"మిషను కాడోళ్ళకి కళ్ళజోళ్ళిచ్చాం,
చెవుల్లోకి దూదిచ్చాం,
ఏసీలో కూసునేదానివి, నీకేందమ్మాయ్?" అన్నారు.

నిజమే, నాకేం.
ఏసీ గాలి నేరుగా మొహాన కొడుతుంది, అంతే.
వెనక కిటికీ వెలుగు తెరమీద పడి
నా మొహమే నాకు అడ్డమొస్తుంది, అంతే.
సాయంత్రం ఒంగోలు బస్సు బోర్డూ
పొదిలి బస్సు బోర్డూ ఒక్కలాగే అలుక్కుపోయి ఉంటాయి, అంతే.
ఒకసారి ఎక్కేశాను కూడా.
ఊరు దాటాక దించాడు కండక్టరు,
చదువుకున్నదానిలా ఉన్నావే అంటూ.

పాలిష్ లైను వాళ్ళకోసం
షెడ్డులో కంటిపరీక్ష పెట్టినరోజు
పిలవకపోయినా పోయి వరసలో నిలబడ్డాను,
మస్తానమ్మకీ పెంచలరావుకీ మధ్య.

డాక్టరమ్మ నా కింది రెప్పలో
సన్నటి కాగితం ముక్క తగిలించింది.
ఐదు నిమిషాలు.
చీమ తాగేంత కూడా తడవలేదు.
"ఏడుపు రాదా నీకు?"
"వస్తది మేడం, నీళ్ళే రావు."
వరసంతా నవ్వారు. నేనూ నవ్వాను.
"రెప్పలెయ్యడం మరిచిపోయావమ్మా" అందామె.

పురిట్లో బిడ్డకి కూడా ఎవరూ నేర్పక్కర్లేని పని
ముప్పై నాలుగేళ్ళకి నేర్చుకుంటున్నాను.

"మరి ఆ కదిలే చుక్కలో?"
లైటు వేసి లోపల చాలాసేపు చూసింది.
"భయం లేదు. అవి పోవు, అలవాటవుతాయి.
ఎక్కువైతే మాత్రం ఆ రోజే పరిగెత్తుకు రా."
మా రాయికైతే
చుక్కలెక్కువయ్యేకొద్దీ ధర.

చీటీ చదివి తిరుపాలు గారు ఏమీ అనలేదు.
టేబుల్ పక్కకి తిప్పించారు.
ఏసీ రెక్కలు పైకెత్తించారు.
తెరకింద ఎత్తుకోసం పెట్టిన నాలుగు పాత లెడ్జర్లలో
రెండు తీయించారు.
చీటీలో చివరి మాట మాత్రం మిగిలింది:
ఇరవై నిమిషాలకోసారి
ఇరవై అడుగుల దూరానికి
ఇరవై సెకండ్లు చూడాలి.

మా గది పన్నెండు అడుగులు.
కొలతలు రాసేదాన్ని, నాకు తెలుసు.

దుమ్మొస్తుందని ఎవరూ తియ్యని కిటికీ
ఆ రోజు తీశాను.

యార్డులో పెంచలరావు పలకమీద నీళ్ళు కొడుతున్నాడు.
తడి పాకినంత మేరా రాయి నల్లబడుతోంది,
నా తెర ఎన్నడూ చూపించని నలుపు.
ఫొటో తియ్యకముందే
మస్తానమ్మ గోనెపట్టాతో తుడుస్తోంది,
ఈ మూల నుంచి ఆ మూలకి, దాదాపు పడుకుని.
కంపెనీ ఇచ్చిన కళ్ళజోడు నొసటిమీద ఉంది.
ఆమె చేతులు తుడిచిన పలకలే
రోజుకి అరవై, నా ముందు నుంచి పోయేవి.
ఫొటోలో చేతులు రావు.

ఇరవై సెకండ్లు ఎప్పుడైపోయాయో.

"మస్తానమ్మా, జోడు దించు!" అని కేకేశాను.
"చెమటకి మసకలవుతది!
నువ్వు రెప్పెయ్యి ముందు!"

ఇప్పుడది మా ఇద్దరికీ అలవాటు.
ఆమె సగంసార్లు దించుతుంది,
నేను సగంసార్లు మరిచిపోతాను.
నిన్న తిరుపాలు గారు లోపలికొచ్చి,
ఫైలు కోసం వెతుకుతున్నట్టు
ఆ కిటికీ దగ్గర కాసేపు నిలబడి, పోయారు.

ఈ సాయంత్రం బస్సు బోర్డుమీద
ఒంగోలులో సున్నా కూడా కనబడింది.
అయినా కండక్టర్ని అడిగే ఎక్కాను.