కంట్లో కారం

గుంటూరులో ఏటుకూరు రోడ్డు మీద, టైర్ల షాపు పక్కన
నా దుకాణం. దుకాణమంటే పైన రేకు, కింద నేను.
ముప్పై ఆరేళ్ళుగా లారీల నొసళ్ళ మీద
దేవుళ్ళకు ముఖాలు రాస్తున్నాను.
ఉన్నాడా అని నన్నెవరూ అడగలేదు.
ఎప్పుడిస్తావు అనే అడిగారు.

కళ్ళు చివర్న వెయ్యాలి.
బీడీ నోట్లోంచి తియ్యకుండానే మా గురువు చెప్పిన మాట:
"ముందే వేస్తే ఆవిడ నిన్ను చూస్తుందిరా,
చెయ్యి వణుకుద్ది."
శిల్పులు దానికేదో పెద్ద సంస్కృతం పేరు పెట్టారట.
మా దగ్గర దాని పేరు నల్లచుక్క.

మొన్న ఎండాకాలం మొదట్లో
నరసరావుపేట బండి ఒకటొచ్చింది.
దుర్గమ్మ కావాలి, ఎనిమిది చేతులు,
క్యాలెండర్లో లాగా నున్నగా అన్నాడు ఓనరు.
నున్నగానే వేశాను.
శూలం పట్టుకున్నట్టు లేదు,
గాజులు బేరమాడుతున్నట్టుంది.
తుడిచాను. మళ్ళీ వేశాను. మళ్ళీ గాజులే.

మధ్యాహ్నం టీ బంకు దగ్గర సలోమి,
యార్డులో పొద్దుటి నుంచీ మిరపకాయల ముచ్చికలు తుంచి తుంచి
నిప్పు పుట్టిన చేతుల్ని
గ్లాసెడు మజ్జిగలో ముంచుకుంటోంది.
తాగడానికి కొన్న మజ్జిగ.
ముందు కుడి చెయ్యి, తర్వాత ఎడమ.
కళ్ళు మూసుకుని ఊపిరి మెల్లగా వదిలింది.
"ఏంది నాగుల్‌మీరా, చేతులెప్పుడూ చూళ్ళేదా?"

చూళ్ళేదు.

ఆ సాయంత్రం ఎనిమిదీ రాశాను.
గోళ్ళ చుట్టూ నలుపు, బొటనవేలి పక్కన చీలిక.
ఏడింటికి ఆయుధాలు దొరికాయి.
ఎనిమిదో చేతికి ఏమివ్వాలో తోచక
చల్లటిదేదో అడుగుతున్నట్టు
చాపి వదిలేశాను.

ఆ తర్వాత కళ్ళు.
రెండో నల్లచుక్క పెట్టి బ్రష్ తీశానో లేదో
యార్డు వైపు నుంచి గాలి లేచింది.
రోడ్డు రోడ్డంతా ఒక్కసారి తుమ్మింది.
చూద్దును గదా,
తడి రంగులో, తెల్లగుడ్డు మీద
ఎర్రెర్రటి కారం నలుసులు.
టర్పెంటైన్ గుడ్డ తీసి
ముఖం దాకా పోయి ఆగాను.
ఊరంతా తుమ్ముతుంటే
ఈవిడొక్కతే ఎలా నవ్వుతూ కూచుంటుంది?
ముప్పై ఆరేళ్ళలో నేను చెయ్యనిది
గాలి చేసి పోయింది.

ఇప్పుడు స్టిక్కర్లొచ్చాయి.
స్టిక్కరుకి కారం అంటదు.

ఓనరొచ్చి చేతులు మోటుగా ఉన్నాయని
రెండొందలు కోశాడు.
కళ్ళ గురించి ఏమీ అనలేదు.
కాసేపు నిలబడి, కండువాతో
తన కళ్ళు ఒత్తుకున్నాడు.
కారమే అయ్యుంటుంది. యార్డు గాలి మరి.

తెల్లారి బస్తాలెత్తుకుని బండి నాగపూర్ పోయింది.
గేటు దగ్గర సలోమి పక్కనుంచే పోయుంటుంది.
ఆవిడ చూసి ఉండదు.
దుమ్ము రేగుతుంది గదా,
ముఖానికి కొంగు అడ్డం పెట్టుకునే ఉంటుంది.