వెనక కాళ్లు

మఖాండా వీధుల్లో జులై చలి కొరికేస్తోంది.
మా గుడ్డ గాడిదకి
ముందు కాళ్లు జోలీసా, వెనక కాళ్లు నేను.
రెండ్రోజుల్లో తొమ్మిది ఆటలు.

నేను చూసిన ఉత్సవమంతా
జోలీసా మడమలూ, రాళ్ల బాటా,
ఎవరో చింపి పారేసిన టికెట్ ముక్కలూ.
నవ్వులు మాత్రం పైనుంచి పడేవి
రేకుల మీద వడగళ్లలా.

శనివారం రాత్రి కుళాయిలో నీళ్లు రాలేదు.
ఊడిన కాగితం చెవి అతికించి
జిగురు చేతులతోనే బీన్స్ కూర తిన్నాం, నిలబడే.
కూర్చుంటే లేవలేమని భయం.
"రేపు నువ్వు ముందుండు" అన్నాడు.
వద్దన్నాను.
తోక ఊపే దారం నా దగ్గర కదా ఉంది!

ఆదివారం, ఆఖరి ఆట.
మడమలు ఠక్కున ఆగాయి.
జనం చప్పుడు కూడా.
గుడ్డ చిరుగులోంచి తొంగి చూస్తే
ఊరి గాడిద, నిజంది,
గుంపుని తోసుకుంటూ వచ్చి
మమ్మల్ని ఎగాదిగా చూసి
నింపాదిగా
ఆ చెవి పీక్కుని నమలసాగింది.

ఏం చెయ్యాలో తోచక
తోక ఊపాను.
ఊరు ఊరంతా విరగబడి నవ్వింది.

ఇవాళ సోమవారం. మెట్లు దిగలేకపోతున్నాను.
ఈ కాళ్లు నావి కావు.
ఆ మాటకొస్తే
నిన్నా మొన్నా మాత్రం నావా?